అమెరికాలో పేటెంట్ దావా పడితే, తప్పు చేయని చిన్న కంపెనీలు కూడా ఎందుకు రాజీపడతాయి?

అక్కడ గెలిచినా మామూలుగా ఎవరి లాయర్ ఫీజు వాళ్లే భరించాలి. పేటెంట్ కేసు చివరిదాకా నడిపితే ఆ ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది. దావా వేసినవాళ్లు అంతకంటే చాలా తక్కువ అడిగి వదిలేస్తామంటారు. ఇలా దావాలు వేసేవాళ్లలో చాలామంది ఏ వస్తువూ తయారు చేయరు, పేటెంట్లు చేతిలో పెట్టుకుని డబ్బు అడుగుతారంతే. కాబట్టి తమ మీద పేటెంట్ ఎదురు దావా పడుతుందన్న భయం కూడా వాళ్లకు ఉండదు.

2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆక్టేన్ ఫిట్‌నెస్ తీర్పుతో, అసాధారణమైన కేసుల్లో ఓడినవాళ్ల చేత ఫీజు కట్టించడం కొంత తేలికైంది. పేటెంట్‌ను పేటెంట్ ఆఫీసులోనే సవాలు చేసే కొత్త పద్ధతి 2012లో వచ్చింది, కానీ దానికీ ఖర్చు ఎక్కువే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఇలాంటి సివిల్ కేసుల్లో ప్రభుత్వం లాయర్‌ను ఇవ్వదు. పోనీ సొంతంగా వాదించుకుందామంటే, పేటెంట్ కేసులు నడిచే ఫెడరల్ (కేంద్ర) కోర్టులో కంపెనీ తరఫున లాయరే నిలబడాలి, యజమానికి ఆ వీలు లేదు.