హ్యూస్టన్‌లో లాన్ వల్ల తుమ్ములైతే గడ్డి మొత్తం పీకించాలా?

వేసవి పొడుగునా తుమ్ములు, కళ్ల దురద అంటున్నారు. పీకించడం దండగ. పక్కింటి పుప్పొడి గాలికి ఎలాగూ వస్తుంది. ముందు మీ గడ్డి పూస్తోందేమో చూడండి.

అక్కడ లాన్లకు బెర్ముడా గడ్డి పేరుతో అమ్మేది మన గరికే. మాస్క్ పెట్టుకుని వంగి చూడండి. కాడ చివర మూడు నుంచి ఏడు సన్నటి వెన్నులు (పూల కంకులు) ఒకే చోట నుంచి వేళ్లలా విచ్చుకుంటాయి. పూసిన వెన్నుకు ఊదారంగు కేసరాలు వేలాడతాయి, తడితే పొడి రాలుతుంది. వినాయక చవితికి కోసే లేత పోచల్లో ఇదేదీ ఉండదు, పూజ మానక్కర్లేదు.

వారానికోసారి, ఒకటి ఒకటిన్నర అంగుళాల ఎత్తుకు కోయించండి. కోసేటప్పుడు మీరు ఇంట్లో ఉండి కిటికీలు మూసుకోండి. నీళ్లు, నత్రజని ఎరువు తగ్గితే వెన్నులు ఇంకా ఎక్కువ లేస్తాయి. కొత్తగా వేయాలంటే టిఫ్‌వే 419 లాంటి గొడ్డు రకం (పుప్పొడి దాదాపు రాల్చనిది) గడ్డి పలకలు పరిపించండి. విత్తనాల ప్యాకెట్‌లో వచ్చే మామూలు గరిక వద్దు.

అసలు తప్పు జరిగేది ఎలర్జీ పరీక్ష దగ్గర. "గ్రాస్ పాజిటివ్" అని ఒక్క ముక్క రాసిచ్చే రిపోర్టు ఎందుకూ పనికిరాదు. గడ్డి జాతుల్లో తిమోతీ, రై ఒక శాఖ. గరిక ఇంకో శాఖ. అక్కడి తీరంలో విరివిగా పెరిగే బహియా, జాన్సన్ గడ్డి మరో శాఖ. గడ్డి ఎలర్జీకి నాలుక కింద పెట్టుకునే గ్రాస్‌టెక్, ఒరలెయిర్ మాత్రల్లో గరిక లేదు. మీది గరిక ఎలర్జీ అయితే నెలల తరబడి వాడినా పెద్దగా ఫలితం ఉండదు, ఎలర్జీ ఇంజెక్షన్ల గురించి డాక్టర్ని అడగాలి. అందుకే చర్మ పరీక్షలో ఏ గడ్డికి ఎంత దద్దురు లేచిందో విడివిడిగా రాయించుకోండి. చర్మ పరీక్షకు వారం ముందు సెట్రిజిన్ ఆపకపోతే ఉన్న ఎలర్జీ కూడా కనిపించకపోవచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టర్నే అడగండి.

ఎలర్జీకి ఇచ్చే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే రెండు రోజులు కొట్టి పనిచేయలేదని పారేస్తారు. పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పట్టొచ్చు. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మొన చెవి వైపు ఉంచి కొట్టాలి. నడిమి గోడకు కొడితే రక్తం రావచ్చు.

ఆస్తమా ఉంటే ఉరుముల వానప్పుడు బయట తిరగకండి. తడికి పుప్పొడి పగిలి, లోపలి సన్నటి రేణువులు ఊపిరితిత్తుల దాకా పోతాయి. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో రై గడ్డితో ఇలాగే జరిగి 10 మంది చనిపోయారు. ఆస్పత్రుల పాలైనవాళ్లలో భారతీయ మూలాలవాళ్లు చాలామంది. ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, కారులో కాదు.