నియంతలను ఎదిరించే ఖర్చును ఏ తరం మోయాలి?

నియంతృత్వ ప్రభుత్వాలకు ఎదురు నిలవాలంటే దేశం కొంత నష్టపోక తప్పదు కదా, ఆ నష్టాన్ని యువతరమే మోయడం న్యాయమా అని మీరు అడిగారు. ఎదురు నిలవాలన్నదే నా అభిప్రాయం. రష్యాలా పొరుగు దేశం మీదికి దండెత్తిన ప్రభుత్వంతో మామూలుగా వ్యాపారం సాగించడం నాకు సమ్మతం కాదు. అయితే ఆ భారం ఎవరి మీద పడుతుందో మా ఇంట్లోనే చూశాను కనుక నా సమాధానం అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది నెల్లూరు జిల్లా. మా నాయన ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. చివరి జీతంలో సగాన్ని లెక్కగట్టి ఇచ్చే పింఛను, దాని మీద ధరలతో పాటు పెరిగే కరువు భత్యం ఆయనకు వస్తున్నాయి. నేనూ ఉపాధ్యాయుడినే, కానీ 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినందువల్ల సీపీఎస్ కిందికి, అంటే ఉద్యోగి తన జీతం నుంచే వాటా కట్టే పింఛను పథకం కిందికి వచ్చాను. మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం నెలనెలా కోత పడుతూ వచ్చింది. మా అన్న కొడుకుకు ఆ మాత్రం భరోసా కూడా లేదు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం కుదరక, విడవలూరు వైపు గుంటలు కౌలుకు తీసుకుని వనామీ రొయ్యలు పెంచుతున్నాడు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద ముందు 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 27వ తేదీ నుంచి మరో 25 శాతం సుంకం వేసింది. అప్పటికి మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. మావాడి గుంటలో రొయ్యల పట్టుబడికి ఇంకా మూడు వారాల గడువుండగానే కొనేవారు ధర తగ్గించి అడగడం మొదలుపెట్టారు. రొయ్య ధర పెరిగేదాకా ఆగే సరుకు కాదు. ఆగినన్నాళ్లూ మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగాలి, తెల్లమచ్చ తెగులు వస్తుందేమోనని రాత్రిళ్లు గట్టు మీదే పడుకోవాలి. మేత అప్పు మీద తెచ్చినది, కౌలు ముందే కట్టేసినది. చివరికి అడిగిన ధరకే ఇచ్చేసి ఇంటికొచ్చి, "చిన్నాయనా, రష్యా చమురు నేనేమన్నా కొన్నానా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యే ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతమైనా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. చవకగా వచ్చిన ఆ చమురు లాభం శుద్ధి కర్మాగారాలకు చేరింది. మా ఊరి బంకులో మాత్రం లీటరు పెట్రోలు వంద రూపాయల పైనే ఉంది. లాభం పొందిన చేతులు వేరు, శిక్ష పడిన చేతులు వేరు. నాకు బాధ కలిగించేది ఇదే.

మా నాయన మాత్రం, ఎమర్జెన్సీ చూసిన తరం తమదని, ఆ కష్టాల ముందు ఇవి ఎంతని అంటారు. ఆ రోజుల్లో జైళ్లకు వెళ్లినవారంటే నాకు ఎనలేని గౌరవం. కానీ 1977 ఎన్నికల్లో మన రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకు 41 ఎమర్జెన్సీ పెట్టిన కాంగ్రెస్‌కే దక్కాయన్న సంగతి ఆయనకు గుర్తు చేయక తప్పలేదు. కొందరు చేసిన త్యాగాన్ని ఆ తరం మొత్తం తన ఖాతాలో వేసుకుని, ఇవాళ్టి పిల్లల నష్టాన్ని దాని పక్కన పెట్టి తూచడం సరికాదు.

అలాగని పెద్దల పింఛను కోయాలని నేను అనను. ఆయన ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి సంపాదించుకున్న హక్కు అది. ముందు లాభపడినవారు కట్టాలి. చమురు కంపెనీల అదనపు లాభాల మీద 2022 జూలైలో వేసిన పన్నును 2024 డిసెంబరులో ఎత్తేశారు. అది కొనసాగి ఉంటే, అందులో కొంత భాగమైనా ఇటువంటి నష్టాలకు కేటాయించే వీలుండేది. అదీ చాలకపోతే నాలాంటి నెలజీతగాళ్ల మీద చిన్న సెస్సు వేసినా నేను అభ్యంతరం చెప్పను.

సాయం ఎవరి పేరున అందుతుందన్నది మరో చిక్కు. ఎగుమతిదారులకు రుణ వెసులుబాట్లు వచ్చాయి. మావాడు సాగుచేసే గుంట కాగితాలు యజమాని పేరున ఉన్నాయి, కౌలు మాట నోటితో అనుకున్నదే, అప్పు మేత దుకాణంలో ఉంది. బ్యాంకు వాయిదాలు వెనక్కి జరిపినందువల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. కౌలుదారుగా గుర్తింపు కార్డు కోసం తిరుగుతున్నాడు, యజమాని ఇంకా సంతకం పెట్టలేదు.