సూది ఇరుక్కుందని లేవకు

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పెట్టిన కబురు మీ అత్తయ్యకు చదివి వినిపించాను. "ఇన్నేళ్లుగా నువ్వు పొగుడుతున్న రికార్డు ఇదేనా మామయ్యా? సైకెడెలిక్ రాక్ అన్నావు, మొదటి పాటలోనే పెళ్లి బ్యాండు ట్రంపెట్ మోగింది. మూడో పాట దగ్గర ఆపేశాను" అని రాశావు కదా. ఆవిడ పెళ్లయినప్పటి నుంచి అంటున్న మాటా అదే. ఇంట్లో నేనిప్పుడు పూర్తిగా ఒంటరినయ్యాను.

తప్పు నాదే. 'లవ్' అనే రాక్ బృందం చేసిన 'ఫరెవర్ చేంజెస్' రికార్డు చేతికిచ్చానే తప్ప ఎలా వినాలో చెప్పలేదు.

ముందుగా ఆ 'సైకెడెలిక్' అన్న మాట పక్కన పెట్టు. ఆ మాట విని నువ్వు వెనక్కి తిప్పిన టేపులు, సితార్, గింగిరాలు తిరిగే గిటార్ల కోసం ఎదురుచూసి ఉంటావు. 1967లో చాలామంది చేసింది అదే. లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఈ లవ్ బృందమూ అంతకుముందు ఏడాది తక్కువ గోల చేయలేదు. ఒక పాటనైతే ఏకంగా బాంబు పేలిన చప్పుడుతో ముగించారు. కానీ 1967 నవంబరులో వచ్చిన 'ఫరెవర్ చేంజెస్'లో మాత్రం గొంతు తగ్గించారు. ఎక్కువగా వినబడేది అకూస్టిక్ గిటార్, దాని మీద డేవిడ్ ఏంజెల్ సమకూర్చిన వయొలిన్లు, ట్రంపెట్లు. పైపైన వింటే పాయసంలా ఉంటుంది. అయితే పాడుతున్న ఆర్థర్ లీకి అప్పుడు 22 ఏళ్లు. తాను ఎంతో కాలం బతకనని గట్టిగా నమ్ముతున్నాడు. వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఆ భయమంతా ఈ తీపి కిందే ఉంది. రెండో వైపున ఒక పాట ఉంది. దాని గిటార్ మొదలవుతుంటే జోలపాటేమో అనిపిస్తుంది. తొలి వాక్యం ఏమిటో తెలుసా? ప్యాంటుకు అంటుకుని ఎండిపోయిన చీమిడి గురించి! నేను మొదటిసారి విన్నప్పుడు నా ఇంగ్లిషే సరిగా లేదనుకున్నాను.

నువ్వు మూడో పాట దగ్గర ఆపడం వెనుక ఒక తమాషా ఉంది. ఆల్బమ్ రికార్డింగు మొదలయ్యే సమయానికి బృందం ఎవరికి వారే అన్నట్టు తయారైంది. నిర్మాత బ్రూస్ బాట్నిక్ చూసి చూసి, స్టూడియోలో రోజుకూలికి వాయించే ఆరితేరిన కళాకారులను పిలిపించాడు. వాళ్లు రెండు పాటలు చకచకా వాయించేశారు. తమ పాటలను పరాయివాళ్లు వాయిస్తుంటే అసలు సభ్యులు కూర్చుని చూశారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ అవమానంతోనే తెలివి తెచ్చుకుని మిగతా తొమ్మిది పాటలూ వాళ్లే వాయించారు. పరాయి చేతుల ఆ రెండు పాటలు ఏవంటావా? సరిగ్గా మూడు, నాలుగు. అంటే నువ్వు ఆ బృందం వాయించినవి విన్నది రెండే రెండు పాటలు. అంత మాత్రానికే తీర్పు చెప్పేశావు!

కాబట్టి ఈసారి మొత్తం విను. పదకొండు పాటలు, సుమారు 43 నిమిషాలు. ఫోను పక్క గదిలో పెట్టు. మొదటి వైపు ఆరు పాటలయ్యాక టీ పెట్టుకుని తాగి, అప్పుడు తిప్పు. ఆ విరామం ఉండాల్సిందే. ఆరో పాట చివర ఏదో శిక్షకు లోనైన మనిషి గొణుగుడులా ఉంటుంది, అది కాసేపు చెవిలో మిగలాలి. పాటల సాహిత్యం ముందే వెతికి చదవకు. పాటలు రాసినవాళ్లు ఇద్దరని మాత్రం తెలిసి ఉంటే చాలు. నీకు నచ్చని ట్రంపెట్ పాట బ్రయాన్ మెక్‌లీన్ రాసింది. అతనివి ఇందులో రెండే, మిగతావన్నీ లీవి.

రెండో వైపు మొదటి పాటను నీకోసమే దాచి ఉంచాను. పదో తరగతిలో ముక్తపదగ్రస్తం చెబుతుంటే నువ్వు ఆవలించడం నాకింకా గుర్తుంది. ఈ పాటలో చరణం చివర లీ ఒక మాట మింగేస్తాడు. ప్రాస కోసం చెవి ఎదురుచూస్తూ ఉంటుంది, మాట రాదు. సంగీతం ఒక్క గుక్క తిరిగి వచ్చాక, తర్వాతి చరణం సరిగ్గా ఆ మాటతోనే మొదలవుతుంది. విడిచిన పదాన్నే పట్టుకోవడం మనవాళ్లు పద్యాల్లో చేశారు. ఇతను విడిచినట్టు చూపించకుండానే పట్టుకున్నాడు. పాట పేరులో ఉన్న క్లార్క్, హిల్‌డేల్ అనేవి సన్‌సెట్ బౌలెవార్డ్ మీద రెండు వీధులు. 1981లో అక్కడ చదువుకుంటున్నప్పుడు బస్సెక్కి వెళ్లి ఆ రెండింటి మధ్యా నడిచాను. ఒక మూలన విస్కీ ఎ గోగో క్లబ్బు, ఆ తర్వాత కొంచెం దూరం, అంతే. అంత చిన్న ముక్కలో అంత పాట పట్టిందా అనుకున్నాను.

ఇక అసలు హెచ్చరిక. అదే వైపు మూడో పాట, ఎంతో కమ్మగా సాగి, చివర్లో టక్ టక్ టక్ మని ఒకే చోట ఆగి కొట్టుకుంటుంది. సూది ఇరుక్కుందని లేవకు. నేను లేచాను. సూది ఎత్తి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. మర్నాడు పాత రికార్డుల కొట్టుకు పట్టుకెళ్లి, గీతలున్న సరుకు అంటగట్టావని కొట్టు యజమానితో పోట్లాడాను. ఆయన మారు మాట్లాడకుండా తన సొంత ప్రతి తీసి పెట్టాడు. అదే చోట అదే టక్ టక్. అలా చేసి పెట్టింది వాళ్లే! నేను పెట్టిన మూడు డాలర్లూ వాపసు ఇస్తానన్నాడు కానీ తీసుకోవడానికి మొహం చెల్లలేదు.

అమెరికా ఆల్బమ్ అమ్మకాల జాబితాలో ఇది 154వ స్థానం దాటలేదు. ఊరు వదిలి కచేరీలకు వెళ్లడం వాళ్లకు పెద్దగా పట్టేది కాదు. వాళ్ల రికార్డులు వేసే ఎలెక్ట్రా కంపెనీకి డోర్స్ అనే మరో బృందాన్ని చూడమని చెప్పింది లీయే, ఆ వేసవిలో వాళ్ల పాట మొదటి స్థానానికి వెళ్లింది. లీ తర్వాత జైలుకూ వెళ్లాడు, బయటికి వచ్చాక 2003లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో వయొలిన్లతో సహా ఈ ఆల్బమ్ మొత్తం పాడాడు. ఎంతో కాలం బతకననుకున్న మనిషి 61 ఏళ్లు బతికాడు.

రికార్డు సంగతి. విశాఖ గాలిలో చెమ్మ ఎక్కువ, అట్టకు బూజు పడుతుంది. పాలిథీన్ కవరులో వేసి నిలబెట్టు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకు. అంచులు మాత్రమే పట్టుకో. మురికి ఉంటే ఇన్వర్టరులో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి గాడుల వెంబడే గుండ్రంగా తుడువు, మధ్య లేబులు తడవనివ్వకు. అట్ట వెనుక మూలన పెన్సిలుతో వేసిన ధర చెరిపేయకు.

అత్తయ్య మాగాయ పంపుతోంది. ఆ జాడీని రికార్డులున్న అరలో పెట్టకు.

మామయ్య
హైదరాబాదు