పాతిక అంతస్తులకు డాంపర్లు పెట్టే ముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

విజయవాడలో మీరు కట్టబోయే 75 మీటర్ల భవనానికి ఏ డాంపర్ (భూకంపంలో, గాలిలో భవనం ఊపును తగ్గించే పరికరం) మంచిదని అడిగావు. ముందు ఆ భవనం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి ఎంతసేపు పడుతుందో తేల్చుకో అమ్మా. ఒట్టి కాంక్రీటు ఫ్రేమైతే మన భూకంప డిజైన్ కోడ్ ఐఎస్ 1893 సూత్రంతో దాదాపు 1.9 సెకన్లు వస్తుంది. ఆ తర్వాత నేల సంగతి. 1985లో భూకంప కేంద్రం మెక్సికో నగరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరాన ఉంది. అయినా పాత సరస్సు అడుగున ఉన్న మెత్తటి బంకమట్టి 2 సెకన్ల లయలో ఊగి, ఆ లయకు దగ్గరపడ్డ భవనాలను ఎక్కువగా దెబ్బతీసింది. కృష్ణ ఒండ్రు మీద కడుతున్నారు కాబట్టి, నేలలో షియర్ వేవ్ (మట్టిని పక్కకు ఊపుతూ సాగే తరంగం) వేగం కొలిపించాకే డాంపర్ కంపెనీవాళ్లను పిలవండి.

తైపే 101లో వేలాడే 660 టన్నుల ఉక్కు గోళం మీ బిల్డర్‌గారికి బాగా నచ్చినట్టుంది. అది ప్రధానంగా గాలి కోసం పెట్టింది. అలాంటి బరువును భవనం లయకు సరిగ్గా శ్రుతి చేయాలి. పెద్ద భూకంపంలో కాంక్రీటు బీటలిస్తే భవనం లయ సాగుతుంది, శ్రుతి తప్పుతుంది. పైగా ఆ బరువు ఊపందుకునేలోపే మొదటి గట్టి కుదుపు దాటిపోవచ్చు.

మీకు నప్పేవి ఆయిల్ డాంపర్లు, అంటే నూనెలో పిస్టన్ కదిలి ఊపును పీల్చుకునేవి. మెక్సికో నగరంలోని ఎత్తైన భవనం తోర్రె మయోర్‌లో 98 ఉన్నాయి. వీటిని అంతస్తుల మధ్య కదలిక ఎక్కువగా ఉన్నచోటే పెట్టాలి. షియర్ వాల్ (పక్క ఊపును ఆపే గట్టి కాంక్రీటు గోడ) పక్కన ఇరికిస్తే కదలికే ఉండదు, డబ్బు దండగ. 3 మీటర్ల అంతస్తుకు కోడ్ ఒప్పుకునే జరుగుడు (కింది అంతస్తుతో పోలిస్తే పై అంతస్తు పక్కకు కదిలే దూరం) 12 మి.మీ. డాంపర్‌ను 45 డిగ్రీల ఏటవాలుగా బిగిస్తే దాని దాకా చేరేది 8.5 మి.మీ. మాత్రమే. పిన్నుల దగ్గర 2 మి.మీ. వదులుంటే దాదాపు నాలుగో వంతు అక్కడే పోతుంది. అందుకే పిన్ను, రంధ్రం కొలతలు నువ్వే దగ్గరుండి చూడు. ఇంకోటి, ఆ 12 మి.మీ. అసలు భూకంప బలానికి కాదు, కోడ్ తగ్గించి ఇచ్చే డిజైన్ బలానికి లెక్క. స్ట్రోకును (పిస్టన్ కదలగల దూరాన్ని) మాత్రం తగ్గించని బలానికే తేల్చాలి, లేకపోతే పిస్టన్ చివరికంటా వెళ్లి గుద్దుకుంటుంది. డాంపర్ ఉన్న బేలో (రెండు స్తంభాల మధ్య జాగాలో) ఇటుక గోడ కట్టనివ్వకు, గోడ ఆ కదలికను పట్టేస్తుంది. నూనె కారుతోందేమో చూడటానికి తలుపు వదలండి.

స్టిల్ట్ పార్కింగ్ దగ్గర మాత్రం మొహమాటపడకు. 2001 భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింది అంతస్తు ఖాళీయే. పైన ఎన్ని డాంపర్లున్నా ఆ బలహీనత పోదు. షియర్ వాల్స్‌ను పునాది దాకా దించండి. స్తంభాల చివర్లలో రింగుల దూరం 100 మి.మీ. దాటకూడదు. కొక్కెం 135 డిగ్రీలు వంగాలి, వంపు తర్వాత కొస కనీసం 65 మి.మీ. ఉండాలి. కడ్డీలు వంచేవాళ్లు తేలికని 90 డిగ్రీలకే ఆపేస్తారు. కడ్డీలను కప్పే పైపొర కాంక్రీటు రాలగానే ఆ రింగు విచ్చుకుంటుంది.

నేల రిపోర్టు, అంతస్తులవారీ జరుగుడు పట్టిక నాకు పంపు. ఎన్ని డాంపర్లు కావాలో అవి చూశాక లెక్కవేద్దాం.