మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పడం లేదు

ప్రశ్న: ఈమధ్యే టీమ్ లీడర్‌నయ్యాను. నా కింద ఎనిమిది మంది. చెప్పిన పని చేస్తారు, కానీ మీటింగ్‌లో ఉలకరు పలకరు. "సందేహాలేమైనా ఉన్నాయా?" అంటే తలలు దించుకుంటారు. ఆటలు, పార్టీలు పెట్టినా మార్పు లేదు. ఏం చేయాలి?

జవాబు: పార్టీలో అందరూ హుషారుగానే ఉంటారండీ, ఆ హుషారు మర్నాటి పనిలోకి రాదు. మనిషి పనిలో మనసు పెట్టాలంటే మూడు కావాలని 1990లో విలియం కాన్ అనే పరిశోధకుడు రాశాడు: చేసే పనికో అర్థం, మాట్లాడితే ముప్పు రాదన్న ధీమా, ఒంట్లో, మనసులో తగినంత సత్తువ. మీ దగ్గర కొరవడింది రెండోదని నా అనుమానం. చివరిసారి ఎవరైనా "ఈ గడువుకి అవదు సార్" అన్నప్పుడు మీరేమన్నారు? "ఎలాగోలా సర్దండి" అని ఉంటే, మిగతా ఏడుగురూ విన్నారు. ఇక వాళ్లెందుకు మాట్లాడతారు!

వారానికో పదిహేను నిమిషాలు ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. "ఈ వారం పని ఎక్కడ ఆగింది?" అని అడిగి, లాప్‌టాప్ మూసేసి వినండి. చెప్పినవాటిలో చిన్న చిక్కొకటి, రావాల్సిన అనుమతో, అక్కర్లేని రిపోర్టో, వెంటనే తేల్చేయండి. ఎవరు చెబితే తేలిందో, వాళ్లకి అభ్యంతరం లేకపోతే, మీటింగ్‌లో పేరు పెట్టి చెప్పండి. పైవాళ్లు ఒప్పుకోకపోతే అదీ దాచకండి. మొదట్లో పొడిపొడిగానే జవాబిస్తారు, టెన్షన్ పడొద్దు.

అసలు గొడవ జీతం గురించైతే మాత్రం ఈ కబుర్లతో తీరదు. ఆ మాట మీరే పైకి మోసుకెళ్లాలి.