మోకా మగ్గు మీద చెట్టు మొలవాలంటే

చి. లతకు పెదనాన్న ఆశీస్సులు.

మోకా మగ్గంటే తడి స్లిప్ (మగ్గు మీద పోసే పలచటి మట్టి ద్రావణం) మీద రంగుచుక్క చెట్టులా పాకిన మట్టిమగ్గు కదా, నువ్వు చుక్క పెడితే చెట్టు రాలేదని, మచ్చలా ఉండిపోయిందని రాశావు. చుక్కమందును (ఆ రంగు ద్రావణాన్ని) అనుమానించే ముందు మగ్గు పదును, అంటే అది ఎంత ఆరిందో, స్లిప్ తడి చూసుకో.

18వ శతాబ్దం చివరి నుంచీ ఇంగ్లండ్‌లోని స్టఫర్డ్‌షైర్ కుమ్మరి పనివాళ్లు సారె మీద మగ్గును కాస్త మందంగా తీసి, తోలుపదునుకు, అంటే కొంచెం తడి మిగిలి తోలులా గట్టిపడేలా, ఆరాక అడ్డంగా తిరిగే లేత్‌కు తొడిగి ఇనుప ఉలితో చెక్కేవారు. చివర్న లేత్‌ను వెనక్కి తిప్పి, ఉలి చదునుతో అదిమి నునుపు తెచ్చేవారు. లేత్ లేకపోతే సారె మీదే బోర్లించి చెక్కు. చెక్కిన మట్టి రిబ్బనులా పొడుగ్గా ఊడితే పదును కుదిరినట్టు. పొడిగా రాలితే మరీ ఆరింది, దాని మీద స్లిప్ పెచ్చులూడుతుంది. ఉలికి అంటుకుంటే ఇంకా పచ్చి, స్లిప్ నీళ్లు తాగి అంచు కుంగుతుంది.

చుక్కమందును వాళ్లు 'టీ' అనేవారు. పొగాకు కషాయంలో ఐరన్ ఆక్సైడో మాంగనీసో కలిపేవారు. నువ్వు యాపిల్ సిడర్ వెనిగర్ వాడు. చెంచా ఆక్సైడుకు మూడు నాలుగు చెంచాల వెనిగర్‌తో మొదలుపెట్టి, పలచటి పాలలా వచ్చేదాకా సర్దుకో. రవ్వ తగలకుండా నూరాలి. మాంగనీసు పొడి విషం, మాస్కు లేకుండా ముట్టుకోకు. పొడి అడుక్కి దిగుతుంది కాబట్టి ప్రతి చుక్కకూ కలపాల్సిందే.

అసలు కీలకం ఇక్కడుంది. స్లిప్ పోసిన కొద్ది సెకన్లలోనే, తడి మెరుపు పోకముందే, మగ్గును బోర్లా పట్టుకుని నిండుగా ముంచిన కుంచె మొనను ఒక్కసారి తాకించు. టీ తలతన్యత (ద్రవం పైపొరను బిగించి లాగే గుణం) తక్కువ, తడి స్లిప్‌ది ఎక్కువ. ఆ లాగుడుకే చుక్క పాయలుగా చీలి, కొమ్మ మీద కొమ్మ వేస్తూ కిందికి పాకుతుంది. నిలబెడితే చెట్టు పైకి పెరిగినట్టే! మెరుపు పోయాక తాకిస్తే మాత్రం నీకొచ్చిన మచ్చే. స్లిప్ చిక్కనైనా కొమ్మలు రావు, మరీ పలచనైతే చెట్టంతా జారిపోతుంది.

మగ్గు పిడి అతికించే చోట స్లిప్ గీకేసి అతికించు, లేకపోతే ఊడుతుంది.

వాళ్లు తొలి కాల్పుకే ఎక్కువ వేడి పెట్టి, గ్లేజుకు (గాజులాంటి పైపూతకు) తక్కువ పెట్టేవారు. మట్టి ముందే గట్టిపడితే తర్వాత గ్లేజు సన్నగా పగలడం తగ్గుతుంది. వాళ్ల సీసం గ్లేజు జోలికి మాత్రం వెళ్లకు, సీసం లేని పారదర్శక గ్లేజు తెచ్చుకో.

ముందు అదే మట్టితో పలకలు చేసి, స్లిప్ పోశాక ఐదు, పది, ఇరవై సెకన్లకు ఒక్కో చుక్క పెట్టి చూడు. ఫొటోలు పంపు.

నీ పెదనాన్న