మళ్లీ వచ్చిన రోజు ఏమీ అనొద్దు

కర్నూలు

కోడలికి అత్త ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజి రెండుసార్లు విన్నా. మెగా డీఎస్సీలో ఉద్యోగమొచ్చి పాతబస్తీ బడిలో చేరి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే "ఈ పిల్లోళ్లకి చదువంటే ఇష్టం లేదత్తా" అంటున్నావు. ముప్పై ఒక్కమందిలో ఏడుగురు వారానికి రెండు రోజులే వస్తున్నారంటివి. ఫోన్లో చెప్తే ఊ కొట్టి మర్చిపోతావని రాస్తున్నా.

ముందు ఆ మాట తీసెయ్. ఇష్టం లేక బడి మానేసిన పిల్లలు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా వాళ్లందరికీ పొద్దున ఆరింటికి ఇంట్లో ఏదో జరిగేది. అదేందో నీకు తెలియాల.

యాప్‌లో వేసే హాజరు పైవాళ్ల కోసం. నీకోసం ఒక నోటుబుక్కు పెట్టుకో. ఎవరు రాలేదో, ఆ రోజు ఏ వారమో, అంతే రాయి. నెల తిరిగేసరికి ఆ గళ్లే మాట్లాడతాయి. నా క్లాసులో ఒక అక్కా, తమ్ముడూ ఒకే రోజు ఇద్దరూ వచ్చింది లేదు. ఆమె వస్తే వాడు రాడు, వాడొస్తే ఆమె రాదు. సోమరితనం అనుకున్నా. పోయి చూస్తే ఇంట్లో ఏడాదిన్నర చంటిది. తల్లి మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు ఏరే పనికి పోతుంది, వంతులేసుకొని వీళ్లు చూసుకుంటున్నారు. అంగన్‌వాడీ బడికి మూడేళ్లు నిండాల గదా. చివరికి పక్కింటి ముసలామె మధ్యాహ్నం దాకా చూస్తానంది. అది కుదిరే లోపల పది రోజులు ఆ చంటిదాన్ని ఒళ్లో పెట్టుకొనే అక్క లెక్కలు చేసింది. హెడ్‌మాస్టరు మొహం చిట్లించినాడు, చిట్లించనీ అనుకున్నా.

పీర్ల పండగకి పది రోజులు సగం క్లాసు ఖాళీ అవుతుంది. దానికి కంగారు పడొద్దు, వాళ్లే వస్తారు. తడి యూనిఫాం సంగతి మాత్రం చూసుకో, ఉన్నది ఒక్క జతే అయితే అది ఆరని రోజు పిల్లోడు రాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు, బడి తెరిచినాక కూడా చాలామంది రాలేదు. పుస్తకాలు పోయినాయని భయపడుతున్నారేమో అనుకున్నాం. అడిగితే ఒంటి మీద గుడ్డ తప్ప ఇంకోటి లేదన్నారు. ఆ నెల రంగు బట్టలతో కూర్చోబెట్టినాం.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా. ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు.

నాలుగో తరగతి పిల్లోడు తొమ్మిది రోజులు రాకుండా పదో రోజు వచ్చినాడు. తలకి నూనె రాసుకొని, పాపిడి తీసుకొని, గడప దగ్గర నిలబడి "వస్తా మేడం?" అన్నాడు. నేను "రాండి మహారాజా, ఇప్పుడు తీరిందా?" అన్నా. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వినాడు, అదే నాకు ఇప్పటికీ కనపడేది. మధ్యాహ్నం అన్నం తిని సంచి తీసుకొని పోయినాడు, మళ్లీ రాలేదు. ఇంటికి రెండుసార్లు పోయినా, దాక్కున్నాడు. రెండేళ్ల తర్వాత బస్టాండు దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో కనపడినాడు. నన్ను చూసి "నమస్తే మేడం" అని, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షను పిల్లల్ని కొట్టొద్దనే కాదు, మనసుకి బాధ పెట్టొద్దని కూడా అంటుంది. ట్రైనింగులో అది చదువుకున్నప్పుడు బెత్తం ఒక్కటే గుర్తుకొచ్చేది. మళ్లీ వచ్చిన పిల్లోడిని ఏమీ అడగొద్దు. "కూర్చో నాయనా, పేజీ నలభై" అను, చాలు. పక్కనోడి నోటుబుక్కు ఇప్పించు. ఎందుకు రాలేదో సాయంత్రం ఒంటరిగా అడుగు. పదకొండింటికి వచ్చినా లోపలికి రానీ. అన్నానికే వచ్చినావా అనే మాట ఎవురి నోటి నుంచీ రానీయొద్దు, వంట చేసే ఆయమ్మ నోటి నుంచి కూడా.

ఇళ్లకి పోయేటప్పుడు పగలు పోవద్దు, తాళాలే కనపడతాయి. రాత్రి ఏడున్నరకి పో. చేతిలో రిజిస్టరు ఉంటే రేషన్ కార్డు సర్వే అనుకుంటారు. టీ ఇస్తే తాగు. ముందు తల్లిని ఆమె పని గురించి అడుగు, పిల్లోడి ముందర వాడి తప్పులు చెప్పొద్దు. గ్రూపులో పెట్టడానికి ఫొటో అసలే వద్దు. ఉర్దూ నాలుగు ముక్కలు నేర్చుకో, తప్పుగా మాట్లాడినా పర్వాలేదు, నవ్వుకొని దగ్గరికొస్తారు. అమ్మానాయినా ఐదింటికే కూలి అడ్డాకి పోయే ఇంట్లో పిల్లోన్ని లేపే దిక్కు ఉండదు. నేను ఐదో తరగతి పిల్ల ఒకామెకి వాళ్ల సందులో పిల్లోళ్లని లేపే పని అప్పజెప్పినా. పోలీసు కంటే గట్టిగా తలుపులు కొట్టేది.

డబ్బుల మాటెత్తి తల్లిని బెదిరించొద్దు. 2020లో పిల్లల్ని బడికి పంపే తల్లులకి డబ్బులిచ్చే అమ్మఒడి వచ్చినప్పుడు 75 శాతం హాజరు ఉండాలన్నారు, ఇప్పుడు తల్లికి వందనం ఉంది. మంచిదే. కానీ ఏడాదికొకసారి పడే డబ్బు మంగళవారం పొద్దున పిల్లోన్ని మంచం మీంచి లేపదు. "రాకుంటే డబ్బు పోతుంది" అంటే ఆమె నిన్ను చూసి తలుపేసుకుంటుంది.

ఇంకోటి, ఇది తొందర. సంక్రాంతి దాటితే ఆదోని, కోసిగి పక్క నుంచి జనం సుగ్గికి పోతారు, గుంటూరు మిరపకోతలకి. నీ బస్తీలో కూడా అట్లాంటి ఇండ్లుంటాయి. ఇప్పుడే అడిగి పెట్టుకో. అవ్వ దగ్గర వదిలే వీలుందా, వలస పోయేవాళ్ల పిల్లల్ని ఉంచుకొనే సీజనల్ హాస్టల్ ఉందా అని మీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కో. పిల్లోన్ని తీసుకొనే పోతే, టీసీ లేదని అక్కడి బడి చేర్చుకోకుండా ఉండకూడదని తండ్రికి చెప్పి పంపు. ఏ తరగతి చదువుతున్నాడో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వు. మార్చిలోనో ఏప్రిల్లోనో వాళ్లు తిరిగొచ్చినప్పుడు పైన చెప్పినాను గదా, పేజీ నలభై.

ఏడుగురి పేర్లు, వాళ్లు రాని వారాలూ రాసుకొని ఆదివారం రా. ఉగ్గాని నేను చేస్తా, బజ్జీలు నువ్వు తెచ్చుకో, నాకు నూనె పడదు.

మీ అత్త